పదిహేడో గుండ్రం

తెల్లారుజాము నాలుగున్నరకి
స్కూలు గ్రౌండులో నేనూ, సున్నం మూటా, ఒక తాడూ.
తాడుకు రెండు ముళ్ళు:
జానాబెత్తెడు దగ్గరిది గుండ్రానికి,
ఆరడుగుల దగ్గరిది మధ్యన ఎడానికి.

మా అమ్మ చూసుంటే నవ్వేది.
చుక్కల ముగ్గు ఎన్నడూ కుదరని చేతులు
ఇప్పుడు ఊరికంతా ముగ్గేస్తున్నాయి,
ఎవరూ కలపకూడని చుక్కలతో.

రైతుబజారు కప్పు కింద ఇరుకని
ఇక్కడికి మార్చారు.
ఒక గేట్లో రాక, ఇంకో గేట్లో పోక.
ఆరు నుంచి తొమ్మిది. తర్వాత విజిలు.
కొండ మీదికి బస్సుల్లేవు.
అలిపిరి వైపు నుంచి హారన్లు కాదు,
నెమలి అరుపు వినబడుతుంది తిరుపతిలో.
హోటళ్ళు మూటలకి మూటలు కొనే వంకాయ
దిక్కు తోచక
నా గుండ్రాల్లోకి వచ్చి కూర్చుంది.

గేటు దగ్గర నుదుటికి గురిపెట్టే తుపాకి ఉంది.
మొదటి రోజు వడమాలపేట ముసలాయన
చేతులు రెండూ పైకెత్తేశాడు.
అందరం నవ్వాం.
మాస్కుల్లో ఎవరి నవ్వూ ఎవరికీ కనబడలేదు.

తొమ్మిదో గుండ్రం దొరసానమ్మది.
పాకాల దగ్గర రెండెకరాలు,
ఎనిమిది వందల అడుగులు దిగినా తడవని బోరు.
ఆ బోరు పైపునే నిలువునా కోయించి
స్టూలు మీద ఏటవాలుగా ఆనించింది.
ఈ కొసన ఆమె, ఆ కొసన సంచీ.
నీళ్ళు ఒక్కనాడూ పారని పైపులో
బీరకాయలు జారుతున్నాయి, టమోటాలు దొర్లుతున్నాయి.
"ఇన్నాళ్ళకి పారిందప్పా నా బోరు" అంటుంది.

చిల్లర సబ్బునీళ్ళ గిన్నెలో.
నోట్లు ఎండలో, గులకరాయి కింద.

బేరమే కష్టమైపోయింది.
ఆరడుగుల దూరం నుంచి మెల్లగా ఆడలేరు,
అరిస్తే తుంపర్లని నేనే విజిలూదాలి.
ముట్టుకోవద్దు, గిల్లి చూడొద్దు.
కొస విరవకుండా బెండకాయ కొనడమెట్లాగో
ఈ ఊరి ఆడవాళ్ళకి నేను చెప్పాల్సొచ్చింది.
వాళ్ళు నన్ను చూసిన చూపు
ఏ మాస్కూ దాచలేదు.

కొసరు లేదని బోర్డు మీద రాశారు.
దొరసానమ్మకి చదువు రాదు.
కాయలన్నీ జారాక, చిట్టచివర
ఒక కరివేపాకు రెమ్మ
దారి తప్పినట్టు పైపులోంచి దిగుతుంది.
నేను అటు చూడను.

పదిహేడు చెంగల్రాయుడిది. ఆమె ఊరే.
ఒకనాడు తుపాకి ఎర్రగా పలికింది.
బూడిదగుమ్మడికాయలు ఆటోలోంచి దించనే లేదు.
అంబులెన్సు దాకా ఒక్కడే నడిచి
వెనక్కి తిరిగి అరిచాడు,
"పెద్దకాయి ముప్పై! తగ్గొద్దండి!"

ఆ కాయల్ని ఎవరూ కొనలేదు.
ఆయన తోటలో తర్వాతి కాపు మాత్రం
వారం తిరక్కుండా దొరసానమ్మ పైపులో జారింది.
ఆ డబ్బులకి వేరే గిన్నె, వేరే సబ్బునీళ్ళు.

పదిహేడుని నేను చెరపలేదు, రోజూ గీశాను.
క్యూ అక్కడికొచ్చి వంకర తిరిగేది.
అందులో కాలు పెట్టేవాళ్ళు కాదు,
భయమో, మర్యాదో.
మధ్యలో ఒక రాత్రి వాన కొట్టి
గుండ్రాలన్నీ ఒకదాన్నొకటి వాటేసుకుని
గ్రౌండంతా తెల్లటి బురద.
మళ్ళీ తాడు తీశాను, ఒకటి నుంచి.

రేపొస్తాడంట అని
దొరసానమ్మ పైపు కడుగుతూ చెప్పింది.
తెల్లారి పదిహేడు దగ్గర
ముడి దాటించి తాడు వదిలాను, ఒక జానెడు.

వచ్చాడు. చొక్కా వదులైంది.
నిలబడి, కింద చూసుకుని,
పక్క గుండ్రం చూసి, నన్ను చూసి,
"ఏమబ్బా, తాడు సాగిందా?"

సున్నం చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ
సాగిందన్నాను.