తేనెరంగు గింజ

ఛత్రపురం రైల్వే గేటు పక్కన
నా స్పీకర్ల రిపేరు కొట్టు.
పాత హార్డ్ డిస్కుల కడుపుల్లోంచి తీసిన
అయస్కాంతాలు ఎనిమిదుండేవి,
ఒక్కోటీ జీడిపిక్కంత.
రెండు పొరపాటున కలుసుకున్న రోజు
మధ్యలో నా చూపుడువేలుంది.
నల్లబడ్డ గోరు మూడు వారాలు
పప్పన్నంలో మునగనంది.

కబురు ఊళ్లో పాకింది.
ముందొచ్చినవాడు ఐసు ఫ్యాక్టరీ బిపిన్ సాహు.
"మీటరుకి ఒకటి అతికిస్తే
బిల్లు నిద్రపోతుందంట గదా?"
కొత్త మీటరు నిద్రపోదు సాహూ,
నువ్వొచ్చిన టైమూ తేదీ రాసి పెట్టుకుంటాది, అన్నాను.
నమ్మలేదు. నా డబ్బుల్తోనే చాయ్ తాగి పోయాడు.

తరవాత కొరలయ్య.
రుషికుల్య సముద్రంలో కలిసేచోట
తెల్లోళ్ల కాలం బంగారు కాసులు ఏరతాడట.
బంగారం వైపు ఇది తిరిగైనా చూడదురా, అంటే
"ఇంత బలముండీ బంగారమంటే లెక్కలేదా?" అని
చాలాసేపు నొచ్చుకున్నాడు,
బంగారం తరఫున.

నేను మాత్రం తక్కువ తిన్నానా?
దీనికి చావు లేదనుకునేవాణ్ణి.
ఓ మధ్యాహ్నం కాలే సోల్డరింగ్ కడ్డీకి ఆనించి మరిచిపోయి
అన్నం తినొచ్చేసరికి
మేకు కూడా ఎత్తలేని ముసలిదైపోయింది.
ఇంకోటి గచ్చు మీద పడి
ఇనుములా సొట్టపోలేదు, గాజులా పగిలింది.
పగిలిన ప్రతి పెంకుకీ
మళ్లీ ఓ ఉత్తరం, ఓ దక్షిణం.
ఒక్క దిక్కునే తుంచుకుపోతానంటే
ఒప్పుకోదు.

ఆర్యపల్లి నుంచి ఎండుచేపల గంపతో
ఎర్రమ్మత్త దిగింది.
వద్దంటున్నా వినకుండా
ఒకటి మోకాలికి గుడ్డతో కట్టుకుపోయింది.
నాలుగో రోజు మళ్లీ వచ్చింది.
"నొప్పి ఎక్కడిది అక్కడే ఉంది గానీ నాయనా,
దీనికి గెడ్డం మొలిచింది, సూడు."

చేపలారబోస్తూ ఇసకలో మోకరిల్లిందేమో
అయస్కాంతం నిండా నల్లటి గరుకు ముళ్లు.
"మన ఇసకలోంచే పుడతాదంట గదా ఇది.
తల్లిని గుర్తుపట్టేసింది!"

పేపరు పరిచి, ఆమె కొంగున మిగిలిన
పిడికెడు ఇసక దులిపాను.
అత్తా, అంటుకున్నది ఇనుము కలిసిన నల్లది.
ఇదిగో, ఈ తేనెరంగు గింజ,
అరుదైన మట్టి దాగేది ఇందులో.
ఎంత దగ్గరకి తెచ్చినా చూడు,
ముఖం తిప్పుకుని జారిపోతోంది.
ఈ ముక్కది ఏ దేశం మట్టో నాకు తెలీదు.
ఇందులోనూ సగానికి పైన ఉన్నది ఉత్త ఇనుమే.

"అరుదంటావు. మా ఒడ్డంతా ఉన్నది అరుదెలాగవుతాది?"

దానికి జవాబు చెప్పడానికి
నాకు సైన్సు చాల్లేదు, బరంపురం కావాల్సొచ్చింది.
అత్తా, దొరక్క కాదు.
పదిహేడుగురు తోబుట్టువులు,
ఒకే ముక్కు, ఒకే నవ్వు,
ఒకరి చెయ్యి ఒకరు వదలరు.
వేరు చెయ్యడమే గండం.
ముప్పై ఆరులో రాష్ట్రం గీత గీసినోళ్లు
మా వీధికొచ్చి ఎవరు ఎవరని అడిగినట్టు.
మా తాత తెలుగులో మొదలెట్టి
ఒడియాలో తిట్టి
మళ్లీ తెలుగులోనే దణ్ణం పెట్టేవాడంట.
ఏ గడిలో రాసుకుంటారు ఆయన్ని?
ఆసిడ్లో ముంచి, వడగట్టి, మళ్లీ ముంచి,
వందసార్లు ముంచితే గానీ
ఒక్క పేరు విడిగా తేలదు.

ఎర్రమ్మత్త సగం విన్నాది.
మిగతా సగం గంపలో కవళ్ల మీద ఈగలు తోలింది.
గెడ్డం గీకి తుడిచిచ్చాను,
తిరిగి పుచ్చుకుంటాననే.

ఇవ్వలేదు.
వల మూరలో చుట్టి కట్టింది.
"ఒడ్డున గేలాలు పడిపోతన్నాయి.
మొన్న మా మనవడు గుంటడి అరికాల్లో ఒకటి దిగబడింది.
పొద్దున్నే దీన్ని ఇసక మీద ఈడ్చుకెళ్తాను."
లేచేటప్పుడు మోకాలు పట్టుకుని
ఒకసారి మూలిగింది.

ఇప్పుడు డబ్బాలో అయిదున్నాయి.
రేపు సాహు మళ్లీ వస్తాడు.