దారం తోక

పీణ్యా రెండో స్టేజీ, మూడో అంతస్తు, పదకొండో బల్ల.
కుట్టిన చొక్కాలకు మిగిలిన దారం తోకలు
కత్తిరించడం నా పని.
గంటకు తొంభై.
కటింగ్ మాస్టరుకు కుర్చీ ఉండాది
టైలర్లకు మిషనుండాది
నాకు బొటనవేలంత కత్తెర.

రాజాజీనగర్ ఈఎస్ఐలో చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టినారు.
నూటడెబ్బై మీద నూటనాలుగు.
"తలనొప్పి రాలేదా ఇన్నాళ్లూ?"
వచ్చింది మేడం, టార్గెట్ నొప్పి అనుకున్నా.

డాక్టర్ భార్గవి చీటీ వెనక్కి తిప్పి
చిక్కుడు గింజ మాదిరి ఒక కిడ్నీ గీసింది.
"నీళ్లు తాగుతావా?"
నేను నేల చూసినా.
బాత్రూం టోకెన్ కావాలంటే సూపర్‌వైజర్ నింగరాజు మొహం చూడాల,
అందుకే పొద్దున ఒక గ్లాసు
మళ్లీ ఇల్లు చేరినాకనే.

నెత్తురు సరిగా అందడం లేదని
ఆ గింజ బెదురుకుంటే
ఒంట్లో ఒక దండ తయారవుతాదంట, పది పూసలది.
పాపం అది ఎవర్నీ ఏమనదు.
ఊపిరితిత్తుల కాడ ఒక కత్తెర కాచుకోనుంటాది
చివరి రెండు పూసలూ తెంపుతాది
అంతే
ఎనిమిది పూసలదానికి ఎక్కడలేని పొగరు.
నరాలన్నీ పిడికిలి బిగిస్తాయి
ఉప్పు పోనీదు, నీళ్లు పోనీదు
సందు ఇరుకు, జనం ఎక్కువ
నెత్తురు గోడల్ని గుద్దుకుంటా పోతాది.

నాకు నవ్వొచ్చింది.
తోకలు కత్తిరించేది లోపల గూడా నేనేనా మేడం?

"ఇదిగో, ఈ మాత్ర పోయి
ఆ కత్తెర నోట్లో వేలు పెట్టి నిలబడతాది."
పది పూసలది పదిగానే పోతాదన్నమాట.
పిడికిళ్లు వదులవుతాయన్నమాట.
తొలి మాత్ర రాత్రి పడుకునే ముందు,
గబుక్కున లేవొద్దు,
రెండు వారాలకు కిడ్నీకి రక్తపరీక్ష.
ఇట్లాంటి మందు మొదట పాము విషం చూసి నేర్చుకున్నారని
పోతా పోతా చెప్పింది.
పావగడ దాన్ని, నాకు పాములు కొత్తా.

మూడో వారం దగ్గు పట్టుకుంది.
కఫం లేదు, జ్వరం లేదు
గొంతులో పోగు ఇరుక్కున్నట్టు ఒకటే గిలి.
నూలు దుమ్మే అనింది సాకమ్మ.
కాదంట.
ఆ కత్తెర ఇంకో దారాన్ని గూడా తెంపుతా ఉండేదంట,
ఇప్పుడు తెంపేవాళ్లు లేక
అది పేరుకోని గొంతు గీరతాదంట.
ఒక పని ఆపితే ఇంకో మూల చెత్త పడతాదని
మా ఫ్లోర్‌లో ఎవర్నడిగినా చెప్తారు.

కొనేవాళ్లు చూడ్డానికొచ్చిన రోజు
తెల్లచొక్కా మీద దగ్గబోయినా.
నింగరాజు పరిగెత్తుకోనొచ్చినాడు:
"పోమ్మా తల్లీ, పోయి నీళ్లు తాగిరా!"
ఆరేండ్లలో ఆ మాట అదే మొదలు.
పోయినా. నిలబడి రెండు గ్లాసులు తాగినా.
కిటికీలోంచి మెట్రో పోయేది కనపడింది.
గంట తిరక్కుండా మళ్లీ దగ్గినా
ఈసారి టోకెన్ గూడా అడిగినా
ఇచ్చినాడు.

ఇప్పుడు నూటముప్పైఎనిమిది మీద ఎనభైఆరు.
మాత్ర మార్చినారు.
ఈ కొత్తది కత్తెర జోలికి పోదంట
ఎనిమిది పూసలది వచ్చి తట్టే తలుపుకే
గడియ పెడతాదంట.
దగ్గు రాదు.
రావడం లేదు నిజంగానే, నాలుగు దినాలైంది.

అయినా పదకొండయ్యేసరికి
కత్తెర బల్లమీద పెట్టి
పైట నోటికి అడ్డం పెట్టుకోని దగ్గుతా.
నిన్న సాకమ్మ గూడా దగ్గింది.
దానికి బీపీ లేదు.
ఈ పొద్దు ఆ చివర ఐరన్ బల్ల కాడ
ఎవరో ఇద్దరు.