ఒత్తులు తెగిన ఊరు

రేపు పదింటికి కలెక్టరాఫీసులో మీటింగు.
అనంతపురం, భూగర్భజల శాఖ,
ఫ్యాను రెండో నంబరు దాటని గది.
నేను, చక్రం అరిగిన ఒక మౌసు, పద్దెనిమిది స్లైడ్లు.

ఏడో స్లైడులో ముందు ఊరి పేరు కొట్టాను:
ఎర్రగొట్టిపల్లి.
దాని కింద ఒక దీర్ఘచతురస్రం లాగాను, అది నేల.
రంగుల డబ్బాలో ఎర్రమట్టి దొరకలేదు.
ఇటుక ఉంది, నారింజ ఉంది,
ఎండిన మందారం లాంటిదేదో ఉంది.
శనక్కాయ చెట్టు పీకినాక
గోళ్ల సందుల్లో రెండు రోజులుండే ఆ రంగుకి
ఎవరూ నంబరు రాసిపెట్టలేదు.
ఇటుకతోనే సరిపెట్టాను.

నేల మీద ఒక సన్న గొట్టం, అది బోరు.
గొట్టంలో ఇంకో గొట్టం, నీలం, అది నీళ్లు.
అంచు గీత తీసేశాను. నీడ తీసేశాను.
మెరుపు మాత్రం ఉంచమన్నారు డీడీ సారు,
"నీళ్లు కదమ్మా, కొంచెం తళుక్కుమనాల."

తొమ్మిదిన్నరకి వన్నూరప్ప టీ తెచ్చాడు.
అటెండరే గానీ, మా ఆఫీసు మొత్తంలో
సొంత దుడ్లతో మూడు బోర్లు వేయించినవాడు అతనొక్కడే.
అద్దాలు సర్దుకుని కూడబలుక్కున్నాడు:
"ఎ… ర… గొ… టి… ప… లి.
ఇదే ఊరు పాపా? మా ఊరి మాదిరే ఉండాది పేరు."

అప్పుడు చూశాను.
తర్వాత గీసిన నేల
ముందు రాసిన పేరు పాదాల మీదికి ఎక్కి
ఒత్తులన్నీ మింగేసింది.
మన అక్షరం గీత మీద నిలబడి ఊరుకునేది కాదు,
సగం ప్రాణం కిందే దాచుకుంటుంది.
పైన తలకట్లు భద్రంగా ఉన్నాయి కదాని
నేను కిందికి చూడనే లేదు.

నేల మీద కుడి నొక్కు నొక్కి
వెనక్కి పంపాను.
ర్ర లేచింది. ట్టి లేచింది. ల్లి లేచింది.
"ఆ, ఇది మా ఊరు" అన్నాడు.

పోతాడనుకున్నా. పోలేదు.
"ఈ నీలం యాడిదాకా?"
"నూటా ఇరవై అడుగులు. లెక్క అట్లే వచ్చింది."
"నా మూడోది ఎనిమిది నూర్లు పాపా.
పిండి మాదిరి దుమ్ము లేసింది, తెల్లగా.
లారీవోడు గూడా తల తిప్పుకున్యాడు."

నీలాన్ని పట్టుకుని కిందికి లాగాను.
రెండు నూర్లు. నాలుగు. ఐదు.
స్లైడు అంచు దాటి
బూడిదరంగు ఖాళీలోకి జారింది.
అక్కడ పెట్టింది గీసినవాళ్లకి కనిపిస్తుంది,
ఎఫ్ ఫైవ్ నొక్కి తెరమీద వేస్తే మాత్రం
ఎవరికీ కనిపించదు.
"ఆడే" అన్నాడు వన్నూరప్ప,
"ఉంటే గింటే ఆడే."

సారుకి ఫోన్ చేశాను.
"స్కేలు మార్చు తల్లీ, పేజీలో పట్టాల గదా."
షిఫ్ట్ నొక్కిపట్టి మూల దగ్గర తోశాను,
కొలత చెడకుండా, ఆకారం వంకరపోకుండా
ఎనిమిది నూర్ల అడుగులు నాలుగు వేళ్లయ్యాయి.
తర్వాత ఆ కుంచె బొమ్మ నొక్కి
ఒక ఊరి రంగులో ముంచి
మిగతా ఊళ్లన్నిటికీ పూశాను.
ఒంటిగంటన్నర అయింది.
టీ గ్లాసులో చీమ.

మీటింగులో ఏడో స్లైడు
తుమ్మి, జేబురుమాలు వెతుక్కునేంత సేపుంది.
"నెక్స్ట్" అన్నారెవరో.
వెనక తలుపు దగ్గర బిస్కెట్ల ట్రే పట్టుకుని
వన్నూరప్ప పెదాలు కదిపాడు.
ట్టి దగ్గర నాలుక గట్టిగా ఆనించడం
అంత దూరం నుంచీ కనిపించింది.

నీలం గొట్టం నకలొకటి
స్లైడు అంచు కింద అట్లే వదిలేశాను.
ఫైలు ఇప్పుడు ఎవరెవరి పెన్‌డ్రైవుల్లో తిరుగుతుందో.
తుడిచేయాలి నిజానికి.
ఉండనీలే, దాని బరువెంతని.