అందింది

కఫుయి నాకంటే పదిహేనేళ్లు చిన్న.
నా ఇరవై రెండేళ్ల సర్వీసుని
వాడే ఒక పేజీలోకి మడిచాడు.
"సిగ్నల్స్ సార్జెంట్ అంటే ఎవరికీ ఎక్కదు, సెఫాకోర్ అక్కా,
నెట్‌వర్క్ ఆపరేషన్స్ అందాం."
అందాం, అన్నాను.
గాలివానలో యాంటెన్నా స్తంభం ఎత్తిన భుజాలు
"మౌలిక సదుపాయాల ఏర్పాటు" అయ్యాయి.
కోడ్ల పుస్తకమూ, అవసరమైతే దాన్ని కాల్చడానికి
పక్కనే ఉంచుకున్న అగ్గిపెట్టె
కలిసి "సమాచార భద్రత" అయ్యాయి.
గరగరలోంచి మనిషి గొంతుని
బియ్యంలో రాయిలా ఏరడానికి మాత్రం
వాడి దగ్గర మాట దొరకలేదు.
అక్కడ ఖాళీ వదిలేసి
వేయించిన చేపతో కెంకీ తిన్నాం.

తెమాలో ఇంటర్వ్యూ. నాలుగో అంతస్తు, ఏసీ చలి.
కిటికీ బయట హర్మటాన్ దుమ్ములో
ఓడరేవు క్రేన్లు గీసి చెరిపేసినట్టున్నాయి.
బూట్లకి అలవాటైన నా కాళ్లు
కొత్త చెప్పుల్లో ఎవరివో అనిపించాయి.
లారియా అనే కుర్రాడు పెన్ను తిప్పుతూ అడిగాడు:
"మీ అతి పెద్ద వైఫల్యం?"

లెబనాన్‌లో ఒక పోస్టు ఉండేది, కొండ కొమ్మున.
గంటగంటకీ పిలిచేదాన్ని.
కార్పొరల్ అబుగ్రి పలికేవాడు,
కోలా గింజ బుగ్గన పెట్టుకున్న గొంతుతో,
ఒకటే మాట: అందింది.
ఒక రాత్రి మూడింటికి పలకలేదు.
మళ్లీ పిలిచాను.
లాగ్ పుస్తకంలో నిమిషానికొక గీత గీశాను.
పదకొండు గీతలు.
పైవాళ్లకి చెప్పాల్సింది రెండో గీత దగ్గరే.
డ్యూటీలో కునుకు తీశాడనుకున్నాను.
చెబితే శిక్ష పడుతుందనుకున్నాను.
కాపాడుతున్నాననే అనుకున్నాను, చూడండి.
ఆ పైన జీపు కొండెక్కడానికి ఇంకో నలభై నిమిషాలు.

"ఒకసారి యాంటెన్నా తప్పు దిక్కుకి పెట్టాను, సార్."
లారియా రాసుకున్నాడు.
ఉద్యోగం వచ్చింది.

ఇక్కడ ఎవరూ ఓవర్ అనరు.
ఒకరి మాట పూర్తికాకముందే దాని మీద ఇంకొకరు ఎక్కుతారు.
"చూద్దాం" అంటారు. "దాదాపు అయిపోయింది" అంటారు.
మెసేజ్ పెడితే బొటనవేలి బొమ్మ వస్తుంది.
చదివినట్టా, ఒప్పుకున్నట్టా, ఇక పొమ్మన్నట్టా?
అడిగితే నవ్వారు.
మేనేజర్ గదిలోకి రాగానే
రెండుసార్లు లేచి నిటారుగా నిలబడ్డాను.
రెండోసారి కుర్చీ వెనక్కి పడింది.
దానికి నేనూ నవ్వాను.
జీతం బాగుంటుంది, అదీ చెప్పాలి.
ఇంటి కప్పుకి కొత్త రేకులు వేయించాను.

నాకు నచ్చింది పింగ్.
నల్లటి తెర మీంచి తమాలే రూటరుకి
చిన్న పిలుపు. ఉన్నావా?
ఉన్నాను, పద్దెనిమిది మిల్లీసెకన్లు.
ఉన్నావా?
ఉన్నాను.
పనేమీ లేకపోయినా పిలుస్తుంటాను.

మొన్న రాత్రి మూడు దాటాక
బోల్గటాంగా పలకలేదు.
అబుగ్రి వాళ్ల ఊరు ఆ పక్కనే.
యావ్సన్ ఆవలిస్తూ అన్నాడు:
"పది నిమిషాలు ఆగమని రూలు, మేడమ్.
చాలాసార్లు దానంతటదే వస్తుంది."
నిజమే. చాలాసార్లు వస్తుంది.
నా చెయ్యి అప్పటికే ఫోను మీదుంది.
లారియాని లేపాను. ఫీల్డ్ టీముని లేపాను.
వాళ్ల డ్రైవర్ని, ఆ డ్రైవర్ భార్యనీ లేపాను.
నాలుగో నిమిషంలో,
ఎవరూ చెప్పుల్లో కాళ్లు పెట్టకముందే,
లైను దానంతటదే వచ్చింది.
"చెప్పానా" అన్నాడు యావ్సన్.

పొద్దున లారియా నుంచి మెయిల్, మర్యాదగానే:
ఇకమీదట దయచేసి పది నిమిషాలు ఆగండి.
బొటనవేలి బొమ్మ పెట్టలేదు నేను.
అందింది, అని టైపు చేశాను.
ఆగుతానని రాయలేదు.