దారం కొస

గింజ గట్టివడంగనే
చలివాగు అవతలి నుంచి గువ్వలు దిగేవి.
డబ్బా కొట్టినా లేవని గువ్వలు.
ఒడిసెల రాయికి ఈ మడిల లేచి
ఆ మడిల వాలే గువ్వలు.

అప్పుడు పటేలు, ఓదెలు మామకు కబురు వెట్టేటోడు:
పది పిట్టలకు తవ్వెడు జొన్నలు.

మామ భుజాన బర్మారు తుపాకి,
నా నెత్తిన గోనెసంచి.
సంచిల మూడు గువ్వలు ఉత్తయే,
గడ్డి కూరిన తోళ్లు, రెక్కలకు వెదురు పుల్లలు.
నాలుగోదానికి పానమున్నది.
దాని రెప్పలు
అత్త తలవెంట్రుకతోటి కుట్టి ఉండేవి.

కోసిన మడిల, గాలికి ఎదురుమొకంగ
నాలుగింటినీ కూసోవెట్టి
జొన్నసొప్ప కుప్పల దాగేటోళ్లం.
దారం కొస నా బొటనవేలికి.
మామ గొంతుల గురగురమంటే నేను లాగాలె.
లాగితే గుడ్డిది రెక్కలు కొట్టుకునేది,
పడిపోతనని కొట్టుకునేది.
పైన తిరిగేటియాటికి మాత్రం
తిండి దొరికిన సంబురం లెక్క కనవడేది.

ఒకటి దిగేది. మెడ సాగదీసి చూసేది.
దాని ఎనుక పది.
మామ ఊపిరి బిగవట్టినంక
చెవులు మూసుకోవాల్నా, దారం పట్టుకోవాల్నా
ఎన్నడూ తేల్చుకోలే.

పొగ పోయినంక
కొయ్యకాళ్ల మీద ఈకలు, నిమ్మళంగ.
గుడ్డిది ఏమైందని అడిగినట్టు
మెడ ఇటు తిప్పి, అటు తిప్పి.

రాత్రి అత్త పిట్ట మెడ కింది తిత్తి చీరితే
పచ్చజొన్నలు జలజల రాలేవి.
కడిగి చాటల ఆరవోసేది.
పటేలుయే గదా అత్తా అంటే
"మింగింది పిట్ట. పిట్టది మనది" అనేది.
తెల్లారి అదే గట్క.

సుగ్గి అయినంక మామ వెంట్రుక తెంపి
గుడ్డిదాన్ని ఇంటి కప్పు మీద వదిలిండు.
కండ్లు తెరిచింది. ఎగురలే.
మామ ఊరికెనే, నవ్వులాటకు, గురగురమన్నడు.
దారం లేకుండనే
రెక్కలు కొట్టింది.

మొన్న ఎనుమాముల యార్డుకు
పద్నాలుగు బస్తాల మిరప తీస్కపోయిన.
జెండా లేచింది.
మొదటి కుప్పకు చెవులు నమ్మని ధర.
కుప్ప పక్కన ఎర్ర తువ్వాల రైతు
రెండు చేతులూ పైకి లేపి నవ్విండు.
ఫోటోలు తీసిండ్లు.
మేం గబగబ బస్తాల మూతులు విప్పినం.

నా కాడికొచ్చేసరికి
తాలన్నరు, తేమన్నరు,
సగానికి సగం.

నేను కాంటా దిక్కు చూడలే.
ఎర్ర తువ్వాలాయన బొటనవేలు దిక్కు చూస్తున్న.