మూడో రాత్రి, రెండో నాటిక

మైకు సెట్టు వాణ్ణి నేను.
ఆచంట పరిషత్తులో నిద్రాపుకుంటూ కూర్చున్నాను.
రాసింది పోడూరు ఆసుపత్రి నర్సట,
మెర్సీరాణి.

గంట మోగింది. తెర లేచింది.
రెండు కుర్చీలు, ఒక టార్చిలైటు.
రొయ్యల చెరువు కాపలావాడు
కరెంటు పోయిన చీకట్లో
ఆగిపోయిన ఏరేటర్లకేసి చూస్తూ
ఓనరుకి ఫోను చెయ్యాలా వద్దా అనుకుంటాడు.
అంతే కథ.

పద్యం లేదు, ఈల వేయించే డైలాగు లేదు.
ఒక్కచోట నోరు తెరిచి
ఏమీ అనకుండా మూసేశాడు.
మైకు పోయిందనుకుని వైర్లు తడిమాను.

పోలేదు.
బాక్సుల్లోంచి
జనం ఊపిరి వినపడుతోంది.

కప్పు ఇంకెవరికో వెళ్ళింది.
తెల్లారగట్ల వైరు చుడుతూ
మా కుర్రాడితో అన్నాను:
వచ్చే ఏడు ఆవిడ నాటికుంటే
అద్దె తగ్గించి చెప్పరా.