దిగేటప్పుడు

లాప్‌టాప్‌ని రొట్టెల పెట్టె మీద నిలబెట్టి
త్సియాలా బల్లని గోడకి జరిపింది.
ఇద్దరం తివాచీ చుట్టేశాం.
"ఇరవై ఎనిమిది రోజులు, జుంబేర్.
కాదంటావా, పద ఆ డాక్టరు దగ్గరికే."
ఆ డాక్టరు ఇనప మోకాలు పెడతానంటాడు,
పుచ్చకాయ బేరానికొచ్చినవాడిలా
నా చిప్ప మీద వేలితో కొట్టి వింటూ.

తెర మీద ఒక కుర్రాడు.
పళ్ళన్నీ కనపడేట్టు నవ్వుతాడు.
వాడి మోకాళ్ళు కొత్త తలుపు బందుల్లా
చప్పుడు లేకుండా తెరుచుకుంటాయి, మూసుకుంటాయి.
నా కుడిది లేచేటప్పుడు
అక్రోటు కాయ చితికినట్టు అంటుంది.
ఎడమది ఏమీ అనదు.
దాంతోనే భయం.

ముప్పై ఒక్క ఏళ్ళు నాట్యబృందంలో ఉన్నాను.
మా ఆటలో మగవాడు గాల్లోకి లేచి, గిర్రున తిరిగి
రెండు మోకాళ్ళ మీదే వచ్చి పడాలి.
పాదాల మీద దిగడం ఎవడికైనా వచ్చు, అనేవాడు మా గురువు.
పడ్డవాడు పడ్డట్టే మళ్ళీ లేవాలి.
నవ్వు చెదరకూడదు.
పంట్లాం లోపల ఉన్నిపొర కుట్టించుకునేవాళ్ళం,
కొందరం అది కూడా నామోషీ అనుకునేవాళ్ళం.
కుతైసీ ఊరంతా లేచి నిలబడి కొట్టిన చప్పట్లు
మోకాళ్ళకి వినపడవని
అప్పుడెవడికి తెలుసు.

"ఇరవై జంప్‌లు!" అన్నాడు కుర్రాడు.
నాలుగోదానికే కింది ఇంటి ఓతియా
వేడినీళ్ళ గొట్టాన్ని గరిటెతో మోగించాడు.
వాడికి నా ఆట ఏనాడూ నచ్చలేదు,
ఊరికే పాసిచ్చి చూపించినప్పుడు కూడా.

రెండోరోజు లిఫ్టులో నాణెం వేశాను.
ఐదో అంతస్తుకి ఎప్పుడూ మెట్లెక్కే మనిషిని.
పైసల డబ్బా టంగుమంది.
ఇల్లు చేరేసరికి త్సియాలాకి తెలిసిపోయింది.
ఏమీ అనలేదు. టీలో ఇంకో చెంచా పంచదార వేసింది.

మూడోరోజు ఆవిడ కనపడింది.
కుర్రాడి వెనక, ఎడం మూల,
బూడిదరంగు చొక్కా.
అందరూ ఎగిరినప్పుడు ఆవిడ పక్కకి ఒక అడుగేస్తుంది.
అందరూ నేల మీదికి ఒరిగినప్పుడు
కుర్చీ వీపు పట్టుకుంటుంది.
"కీళ్ళు పాతవైతే వెనకావిణ్ణి చూడండి"
అని ఒక్కసారి అన్నాడు వాడు,
వెనక్కి తిరక్కుండానే.
పేరు చెప్పలేదు.

నేను ముందువరస మనిషిని.
వెనక ఎవరెవరు ఆడారో చెప్పమంటే
ఇవాళ మూడు పేర్లు తడుముకోవాలి.
ఒకడు, వాఝా అనుకుంటా,
తెర పడగానే తన తువ్వాలు నా చేతికిచ్చేవాడు.
ఎప్పుడైనా తిరిగిచ్చానో లేదో.

అప్పట్నుంచి కుర్రాణ్ణి చూడటం మానేశాను.
ఆవిడ అడుగే నా అడుగు.
ఆవిడ ఆగి ఊపిరి పీల్చుకుంటే నాకూ సెలవు.
వానొచ్చే ముందు నా చీలమండకి కబురొస్తుంది,
సముద్రం వైపు ఇంకా మబ్బైనా పట్టకుండా.
అలాంటి పొద్దున ఆవిడ కూడా
కొంచెం కుంటిందనిపించింది.
అనిపించిందంతే.

తొమ్మిదోరోజు కెమెరా కుర్రాడి మీదికి వచ్చేసి
ఆవిణ్ణి నిలువునా కోసేసింది.
తెర అంచున ఒక మోచెయ్యి మిగిలింది.
ఆ మోచేతిని పట్టుకుని
నడుమెక్కడుందో, బరువు ఏ కాలి మీదుందో
లెక్క కట్టుకుని ఆడాను.
ముప్పై ఒక్క ఏళ్ళ విద్య
దీనికి పనికొచ్చింది.
గుమ్మంలో త్సియాలా కళ్ళు తుడుచుకుంటోంది.
నవ్వో, ఉల్లిపాయో, అడగలేదు.

ఇవాళ పదకొండో రోజు.
కుడి భుజం పట్టేసింది, అది వేరే కథ,
దానికో పాత లారీ, ఓ మంచు రోడ్డు ఉన్నాయి.
కుర్రాడు "చివరి ఐదు!" అని అరిచి ఎగిరాడు.
నేను మీట నొక్కాను.
తెర మధ్య గాల్లో ఆగిపోయాడు,
చేతులు చాపి, జుట్టు పైకి లేచి,
కింద నేల ఉందన్న సంగతే ఎరగని మొహంతో.

మూలన ఆవిడ మాత్రం రెండు పాదాలూ ఆనించుకుని ఉంది.

టీ పెట్టుకున్నాను. చల్లారేదాకా తాగలేదు.
ఎగరడం నాకూ తెలుసు, నాయనా.
ఇంకాసేపు అక్కడే ఉండు.